జీలకర్ర, వాము, సోంపు, మెంతులు: ఏ గింజ దేనికి, ఎంతవరకు?

నిదానం | సోమవారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి అడుగుదామని రాస్తున్నాను. వయసు 67. పదేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. గుండె లయ తప్పుతోందని రెండేళ్ల నుంచి రక్తం పలచబడటానికి వార్ఫరిన్ కూడా ఇస్తున్నారు. రాత్రి భోజనం కాగానే కడుపు ఉబ్బిపోతుంది, ఒకటే త్రేన్పులు. దానికి ఆవిడ సొంత మందు ఒకటి ఉంది. వాము, జీలకర్ర, మెంతులు, నల్లజీలకర్ర సమానంగా తీసుకుని దోరగా వేయించి, పొడి కొట్టి సీసాలో పోసుకుంటుంది. పడుకునే ముందు ఒక చిన్న చెంచా నోట్లో వేసుకుని గోరువెచ్చటి నీళ్లు తాగుతుంది. నిజం చెప్పాలంటే ఉబ్బరం తగ్గేది కూడా.

ఈ మధ్య ఎవరో ఈ పొడితో షుగర్ కూడా దిగుతుందని చెప్పారట. చిన్న చెంచా కాస్తా రెండు పెద్ద చెంచాలైంది. పోయిన గురువారం తెల్లవారుజామున 4 గంటలకు నన్ను లేపింది. బట్టలు చెమటతో తడిసి ముద్దయ్యాయి, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. మీటర్ పెట్టి చూస్తే 58. పంచదార నీళ్లు తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసి 90 వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

పొడి ఆపమంటే వినడం లేదు. "అవి వంటింట్లో గింజలే కదా, మందు మీద నెపం పెట్టకుండా నా పొడి మీద పెడతావేంటి" అంటోంది. పూర్తిగా మాన్పించాలని నాకూ లేదు. ఏ గింజ ఏ పని చేస్తోందో తెలిస్తే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆవిడకు చెప్పగలను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


మందులపెట్టె | సోమవారం, ఉదయం 8:15

నిదానం గారూ, మీరు వెంటనే మీటర్ తీయడం చాలా మంచి పని. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు గానీ పంచదార గానీ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలి. మీరు సరిగ్గా అదే చేశారు.

నేను ఫార్మసిస్టును. మీరు చెప్పిన నాలుగింటిలో నాకు ముందు అనుమానం మెంతుల మీదే. మెంతుల్లో గాలక్టోమానన్ అనే జిగురు పీచు ఉంటుంది. రాత్రి నానబెడితే నీళ్లు జారుడుగా అవుతాయే, అది ఇదే. కడుపులో అది గుజ్జులా మారి పిండిపదార్థం రక్తంలోకి చేరడాన్ని నెమ్మదిస్తుంది. దీనికి తోడు 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా మెంతుల్లో ఉంది. ఇది ఇన్సులిన్ విడుదలను పెంచుతుందని ప్రయోగశాలలో చూశారు. కాబట్టి మెంతులతో షుగర్ కొంత తగ్గుతుందన్న మాట ఉత్తిది కాదు. చిక్కల్లా అక్కడే ఉంది. గ్లిమెపిరైడ్ కూడా ఇన్సులిన్‌ను తోడే మందే. రెండూ రాత్రి పూట కలిశాయి, తెల్లవారే దాకా మధ్యలో తిండి లేదు.

రెండో సంగతి వార్ఫరిన్. మెంతులు, బోల్డో అనే ఆకుతో కలిపి వాడిన ఒక రోగికి ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే అంకె, పెరిగితే రక్తస్రావం ముప్పు) పెరిగినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. అందరికీ అలా అవుతుందని కాదు గానీ, ఈ వారంలోనే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే పరీక్ష దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మీ అమ్మగారికి ఒక్క మాట చెప్పండి. గుణం చేసినప్పుడు మందు, ఇబ్బంది పెట్టినప్పుడు వంటింటి గింజ అంటే కుదరదు. కూరలో పడే చిటికెడు వేరు, చెంచాలతో మింగే పొడి వేరు.


మొక్కలబడి | సోమవారం, ఉదయం 10:02

నేను వృక్షశాస్త్రం చెబుతాను. ఈ గింజల గురించి అడిగితే నాకు మాటలు ఆగవు, కాస్త ఓపిక పట్టండి.

జీలకర్ర, వాము, సోంపు, ధనియాలు, సోయికూర గింజలు, షాజీరా అన్నీ ఒకే కుటుంబం, ఏపియేసీ. మనం గింజలంటాం గానీ నిజానికి అవి కాయలు, ఎండిన బుల్లి కాయలు. పండగానే ఒక్కో కాయ నిలువునా రెండు చెక్కలవుతుంది. మనం గింజ అనుకునేది ఆ చెక్క.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. లావుపాటి సోంపు గింజను అరగంట నీళ్లలో నానబెట్టి, కొత్త బ్లేడుతో అడ్డంగా పలచటి బిళ్లలా కోయండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. వీపు మీద ఐదు గట్లు కనిపిస్తాయి. గట్ల మధ్య పల్లాల్లో గోధుమరంగు చుక్కలు నాలుగు, లోపలి చదును వైపు రెండు. ఆ ఆరూ నూనె గొట్టాలు, గింజ పొడవునా ఉంటాయి. వాసన, రుచి, మీరు వెతుకుతున్న ఔషధ గుణం చాలావరకు ఆ సన్నటి గొట్టాల్లోనే దాగి ఉంది. పంటి కింద నలిగినప్పుడు బయటపడేది అదే.

ధనియం తీరు వేరు. దాని రెండు చెక్కలూ విడిపోకుండా బంతిలా అతుక్కునే ఉంటాయి, మధ్యలో బోలు. నూనె గొట్టాలు ఆ బోలు వైపు, లోపలి ముఖం మీద ఉంటాయి. అందుకే మొత్తం ధనియాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన రాదు, పగలగొట్టగానే గుప్పుమంటుంది. వామును చేత్తో తడిమితే గరుకుగా ఉంటుంది, ఒళ్లంతా సన్నటి బుడిపెలు.

మెంతులు వీటికి చుట్టాలు కావు. అవి చిక్కుడు, శనగల కుటుంబం. అచ్చమైన గింజలు, నూనె గొట్టాలు లేవు. వాటి బలం జిగురులో, చేదులో ఉంది. నల్లజీలకర్ర కుటుంబం ఇంకొకటి. అంటే నిదానం గారి అమ్మగారి సీసాలో మూడు కుటుంబాల గింజలు ఒకే పొడిగా కలిసి ఉన్నాయి. ఏది ఏం చేసిందో తేల్చడం అందుకే కష్టం.

ఒక హెచ్చరిక కూడా. సోక్రటీసుకు క్రీ.పూ. 399లో తాగించిన విషపు మొక్క హెమ్‌లాక్ కూడా ఈ ఏపియేసీ కుటుంబందే. దాని కాయలు చూపుకి సోంపు జాతి గింజల్లాగే ఉంటాయి. కాబట్టి తెలియని చోట అడవిగా మొలిచిన గొడుగుపూల మొక్క నుంచి గింజలు కోసి నోట్లో వేసుకోకండి.


నిదానం | సోమవారం, మధ్యాహ్నం 1:30

మొక్కలబడి గారూ, ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. "మూడు కుటుంబాలా?" అని ఒక్కసారి ఆగి, మళ్లీ చదవమంది. రెండు రోజులుగా నా మాట వినని మనిషి ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదలు.

మందులపెట్టె గారూ, ఐఎన్ఆర్‌కి రేపే వెళ్తున్నాం. మెంతులు లేకుండా మిగతా మూడూ వాడొచ్చా?


ఆకుపసరు | సోమవారం, సాయంత్రం 5:20

నేను ఆయుర్వేదం చదివి వైద్యం చేస్తున్నాను. మందులపెట్టె గారు చెప్పిన జాగ్రత్తలన్నిటితో ఏకీభవిస్తూనే, సంప్రదాయం వైపు నుంచి కొన్ని చెబుతాను.

మా శాస్త్రంలో ఇవన్నీ ఒకటే గాటన కట్టినవి కావు. ఆకలి పుట్టించేది దీపనం. తిన్నది అరిగించేది పాచనం. జీలకర్రకు రెండు గుణాలూ ఉన్నాయి. జీరకం, జీర్ణం ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు, పేరులోనే పని ఉంది. వాము తీక్ష్ణం, ఉష్ణం. వాతం వల్ల పొట్ట బిగుసుకుంటే వెంటనే పనిచేస్తుంది, కానీ గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవాళ్లకు ఎక్కువిస్తే మంటలో నెయ్యి పోసినట్టే. సోంపు మధురం, మెత్తటిది. ధనియం చలవ. అమ్మగారికి ఉబ్బరం ఒక్కటేనా, మంట కూడా ఉందా అన్నది ముందు అడిగి తెలుసుకోండి. దాన్నిబట్టే గింజ మారుతుంది.

చాలామంది చేసే తప్పు మరొకటి. ఏ గింజనైనా గిన్నెలో వేసి మూత లేకుండా సగమయ్యేదాకా మరిగిస్తారు. కషాయాలు చేసే పద్ధతులు మాకు ఐదు: స్వరసం (పిండిన రసం), కల్కం (నూరిన ముద్ద), క్వాథం, హిమం, ఫాంటం. మరిగించి ఇగరబెట్టే క్వాథం వేళ్లకు, బెరళ్లకు. వాసన గల మెత్తటి ద్రవ్యాలకు ఫాంటం సరైనది. అంటే వేడినీళ్లు దించి, నలిపిన గింజ వేసి, మూత పెట్టి, కాసేపాగి వడకట్టడం. ధనియాలకు హిమం. ఒక భాగం నలిపిన ధనియాలు ఆరు భాగాల చల్లటి నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున వడకట్టి తాగడం. దాహానికి, ఒంట్లో మంటకు వాడతాం.


గంధపుచెక్క | సోమవారం, రాత్రి 8:45

ఆకుపసరు గారు చెప్పిన మూత సంగతి దగ్గర నేను ఆగలేకపోయాను. సుగంధ నూనెలు ఆవిరి పట్టి తీయడం నా వృత్తి. మూత లేకుండా వాము మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ వాసన అంతా గిన్నెలోంచి పోతున్న మందే. మేం బట్టీ పెట్టి చేసేది కూడా అదే, కాకపోతే ఆ ఆవిరిని వదలకుండా పట్టి చల్లబరుస్తాం. మూత పెట్టి ఐదు నిమిషాలాగి తీసి చూడండి, మూత లోపలి వైపు చుక్కలు నిలిచి ఉంటాయి. వేలితో ఆ చుక్క తీసి వాసన చూడండి. ఆ చుక్కల్ని మళ్లీ గిన్నెలోకే వంపండి.

వాములో నూనె 2 నుంచి 4 శాతం ఉంటుంది. అందులో పెద్ద వాటా థైమాల్. జీలకర్రకు ఆ వాసన క్యుమినాల్డిహైడ్ వల్ల, సోంపుకు తీపి అనెథోల్ వల్ల, ధనియాలకు లినలూల్ వల్ల. ధనియాల నూనె గింజలో ఒక శాతం కూడా దాటడం అరుదు, కానీ అందులో మూడింట రెండొంతులు లినలూలే.

నాకు అన్నిటికన్నా అబ్బురం ధనియం. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నలిపితే నల్లి నలిపినట్టు వాసన వస్తుంది. అది ఆల్డిహైడ్ల పని. కాయ పండే కొద్దీ అవి తగ్గి లినలూల్ పెరుగుతుంది, వాసన కమ్మగా మారుతుంది. అదే చెట్టు, అదే కాయ, కొద్ది రోజుల తేడా. షాజీరా వాసనకు కారణమైన కార్వోన్ కూడా ఇలాంటి వింతే. పుదీనా జాతి ఒకదానిలో, స్పియర్‌మింట్‌లో, ఉండేదీ కార్వోనే. రెండు అణువులకూ తేడా ఒక్కటే, కుడిచెయ్యి ఎడమచెయ్యిలా ఒకటి ఇంకోదానికి అద్దంలో ప్రతిబింబం. ముక్కు మాత్రం ఒకదాన్ని షాజీరా అంటుంది, ఇంకోదాన్ని పుదీనా అంటుంది.

నిదానం గారూ, అమ్మగారి పొడి గురించి ఒక మాట. వేయించినప్పుడు వచ్చే కమ్మదనం చాలావరకు వేడికి కొత్తగా పుట్టిన వాసన. గింజలో మొదట ఉన్న నూనె కొంత అప్పుడే ఎగిరిపోతుంది. పొడి కొట్టాక గొట్టాలన్నీ తెగిపోతాయి, సీసాలో ఉన్నది రోజురోజుకీ తగ్గుతుంది. పాత పొడి పనిచేయడం లేదని చెంచాలు పెంచుతూ పోతే నూనె పెరగదు, మెంతుల పీచు మాత్రం పెరుగుతుంది. గింజలుగానే ఉంచుకుని వాడే ముందు అరచేతిలో నలపండి. వాసన రాకపోతే ఆ గింజ అయిపోయినట్టే.


కొత్తచిగురు | సోమవారం, రాత్రి 10:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా పాపకు మూడో నెల. సాయంత్రం అయ్యిందంటే చాలు, కాళ్లు కడుపులోకి ముడుచుకుని గంటల తరబడి ఏడుస్తుంది. వాము నీళ్లు పట్టమని ఒకరు, సోంపు నీళ్లు పట్టమని ఒకరు, పువ్వులా ఉండే అనాసపువ్వు మరిగించి ఇవ్వమని ఇంకొకరు. నిద్ర లేక నాకు ఏం తోచడం లేదు. ఏది ఇవ్వచ్చు?


మందులపెట్టె | సోమవారం, రాత్రి 10:25

కొత్తచిగురు గారూ, ముందు ఒక్క మాట: ఏదీ ఇవ్వకండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు రాసిన లక్షణాలు కోలిక్‌లా (పసిపిల్లలు జబ్బేమీ లేకుండానే గంటల తరబడి ఏడవడం) ఉన్నాయి. సాధారణంగా మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. జ్వరం, ఆకుపచ్చటి వాంతి, మలంలో రక్తం, పాలు తాగకపోవడం, బరువు పెరగకపోవడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

అనాసపువ్వు విషయం గట్టిగా చెప్పాలి. వంటకు వాడే అనాసపువ్వుకూ, జపాన్ జాతి అనాసపువ్వుకూ ఎండాక తేడా కనిపెట్టడం చాలా కష్టం. ఆ రెండోదాంట్లో అనిసాటిన్ అనే విషం ఉంది, నరాల మీద పనిచేస్తుంది. ఈ టీ తాగించిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన సంఘటనల తర్వాత 2003లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

సోంపులో ఎస్ట్రగోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. ఎక్కువ మోతాదులో ఎలుకజాతి జంతువులకు కాలేయంలో కణితులు వచ్చాయి. పెద్దవాళ్లు అప్పుడప్పుడూ నమిలే సోంపుకు భయపడక్కర్లేదు గానీ, పసిపిల్లల విషయంలో ఎందుకొచ్చిన రిస్క్?

గ్రైప్ వాటర్ గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను. 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసినప్పుడు అందులో సోయికూర గింజల నూనె, సోడాబైకార్బ్, చక్కెరతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది. ఇప్పటి సీసాల్లో ఆల్కహాలు తీసేశారు. అయినా డాక్టర్ చెప్పకుండా పట్టకండి.


తులసికోట | సోమవారం, రాత్రి 11:00

తల్లీ, నేను ముగ్గురిని పెంచాను. పాప ఏడుస్తుంటే నీ తప్పేమో అనుకోకు. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్చేదాకా వీపు మీద మెల్లగా నిమురు. నీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని అటూ ఇటూ నడువు. ఒక గంట ఎవరికైనా అప్పజెప్పి నువ్వు పడుకో. నీకు పాలు పెరగాలని మెంతులు ఇస్తుంటే పాప చెమట, మూత్రం తియ్యటి పాకం వాసన వేయొచ్చు, కంగారు పడకు. కానీ ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పు.


మందులపెట్టె | సోమవారం, రాత్రి 11:12

తులసికోట గారు చాలా విలువైన మాట చెప్పారు. మెంతుల్లోని సోటోలాన్ అనే పదార్థానిది ఆ వాసన. మేపుల్ సిరప్ జబ్బు అనే అరుదైన, ప్రమాదకరమైన పుట్టు లోపంలోనూ పసివాళ్ల మూత్రం అలాగే వాసన వేస్తుంది. తల్లి మెంతులు తిన్న సంగతి తెలియక ఆ జబ్బేమోనని కంగారుపడిన సందర్భాలు ఉన్నాయి. అలాగని వాసన వస్తే మెంతులే కారణమని మీరే తేల్చుకోకండి, డాక్టరే చూడాలి.


పచ్చబాట | మంగళవారం, ఉదయం 7:05

వాము పువ్వు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నాకు జరిగింది చెబుతాను. అది పువ్వు కాదు, వాము నూనెలోంచి గడ్డకట్టిన థైమాల్ స్ఫటికాలు. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం మూడూ గట్టి పదార్థాలే. మూడింటినీ ఒక సీసాలో వేసి ఊపితే నిప్పు లేకుండా, నీళ్లు లేకుండా కరిగి ద్రవమైపోతాయి. అమృతధార అంటారు. చిన్నప్పుడు అది చూసి మంత్రమే అనుకున్నాను. ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత పడిపోవడమే అసలు కారణం.

రెండేళ్ల కింద పంటి నొప్పికి వాము నూనెలో దూది ముంచి చిగురు మీద పెట్టి పడుకున్నాను. నొప్పి పది నిమిషాల్లో మొద్దుబారింది. పొద్దున చూస్తే చిగురు తెల్లగా కాలిపోయి ఉంది, పొర ఊడింది, వారం రోజులు మెత్తటి తిండే తిన్నాను. గింజ నమిలితే వచ్చే థైమాల్ వేరు, నూనెలో సగం దాకా ఉండే థైమాల్ వేరు. నాకు ఆ తేడా ఒంటికి తగిలితే గానీ తెలియలేదు. ఇంట్లో ఎవరికీ నూనె సీసాను గింజ లెక్కన వాడనివ్వకండి. అమృతధార పిల్లలకు అందే చోట అసలే పెట్టకండి, కొద్ది కర్పూరం మింగినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి.


మొక్కలబడి | మంగళవారం, ఉదయం 9:30

థైమాల్ చరిత్ర చాలా పెద్దది. 1719లో కాస్పర్ నాయ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని వేరుచేశాడు. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగును తరిమేందుకు రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ ఏర్పడింది. ఆ రోజుల్లో రోగులకు ఇచ్చిన ముఖ్యమైన మందు థైమాలే. గ్రాముల లెక్కన మింగించి, తర్వాత విరేచనానికి ఇచ్చేవారు. మందు మింగిన రోజు నూనె, కొవ్వు, మద్యం ముట్టొద్దని గట్టిగా చెప్పేవారు. వాటిలో థైమాల్ కరిగి ఒంట్లోకి ఎక్కువగా చేరి విషమవుతుందని. అంతకంటే మంచి మందులు వచ్చాక దాన్ని వదిలేశారు. నోరు పుక్కిలించే మందుల్లో ఇప్పటికీ ఉంది.

వాము పురుగుల్ని చంపుతుందనే పాత మాటకు ఇదంతా ఆధారమే. అయితే చిటికెడు వాము నమిలితే పురుగులు పోతాయని దీన్నిబట్టి అనుకోకూడదు. మోతాదుల్లో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది.


వెలుగురేఖ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అందరూ భయపెడుతున్నట్టు అనిపిస్తోంది, అందుకే రాస్తున్నాను. నల్లజీలకర్ర మరణానికి తప్ప అన్నిటికీ మందు అని పెద్దలు ఊరికే అన్నారా? ఈజిప్టు టుటన్‌ఖామున్ సమాధిలో కూడా దొరికింది కదా. మా ఆయన బీపీకి నేను రోజూ దీని నూనె ఇస్తున్నాను. బీపీ 150 నుంచి 130కి వచ్చింది. బీపీ మాత్ర ఆపేద్దామని ఆలోచిస్తున్నాం.


మందులపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 2:05

వెలుగురేఖ గారూ, దయచేసి మాత్ర ఆపకండి. మీ నమ్మకాన్ని తక్కువ చేయడం లేదు. నల్లజీలకర్రలో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గినట్టు మనుషుల మీద చేసిన అధ్యయనాలు చూపించాయి కూడా. కొద్దిగా అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మీ ఆయన మాత్ర వేసుకుంటూనే కదా నూనె తాగారు, 130 వచ్చింది ఆ రెండూ కలిసి. మాత్ర తీసేస్తే ఆ అంకె నిలుస్తుందని ఎలా అనుకుంటాం? నూనె వాడుతున్నట్టు డాక్టర్‌తో చెప్పండి. తగ్గించాలంటే ఆయనే బీపీ చూస్తూ తగ్గిస్తారు.


ఆకుపసరు | మంగళవారం, సాయంత్రం 4:30

సమాధిలో దొరికిన మాట నిజమే, ధనియాలూ దొరికాయి అక్కడ. క్రీ.పూ. 1550 ప్రాంతంనాటి ఎబెర్స్ పాపిరస్‌లోనూ ఇలాంటి గింజల ప్రస్తావన ఉంది. వేల ఏళ్లుగా మనుషులు దగ్గర పెట్టుకున్నారంటే వాటిలో ఏదో మేలు ఉందనే నేనూ నమ్ముతాను. అయితే ఆ వైద్యులు కొలత లేకుండా ఇచ్చినవాళ్లు కారు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త పడండి. నల్లజీలకర్ర అంటే కొందరు షాజీరా ఇస్తారు. షాజీరా సన్నగా, వంకరగా, గోధుమ నలుపుగా ఉంటుంది, పొడవునా గీతలుంటాయి. మందుకు చెప్పే నల్లజీలకర్ర నిగనిగలేని కటిక నలుపు, మూడు కోణాల గింజ, గీతలుండవు. రెండూ వేర్వేరు కుటుంబాలవి. మా హింగ్వాష్టక చూర్ణంలో ఎనిమిది ద్రవ్యాల్లో జీలకర్రా ఉంది, కృష్ణజీరకమూ ఉంది. అందులో ఏ గింజ వేశారన్న దాన్నిబట్టి చూర్ణమే మారిపోతుంది.


గంధపుచెక్క | మంగళవారం, సాయంత్రం 6:10

మంచి వార్త కూడా ఒకటి చెప్పుకుందాం. షాజీరా జాతి కారవే గింజల నూనె, పుదీనా నూనె కలిపిన గుళికలను అజీర్తి ఉన్నవాళ్ల మీద జాగ్రత్తగా పరీక్షించారు. తిన్నాక బరువు, నొప్పి, ఉబ్బరం మందు లేని ఉత్తి గుళిక కంటే బాగా తగ్గాయి. పేగు కండరం బిగువును ఈ నూనెలు సడలిస్తాయి, గాలి కదిలిపోతుంది. భోజనం తర్వాత సోంపు నమిలే అలవాటు ఎందుకు పుట్టిందో దీంతో తెలుస్తోంది. నెలసరి నొప్పికి సోంపు సారాన్ని మెఫెనమిక్ యాసిడ్‌తో పోల్చిన చిన్న అధ్యయనాలూ ఉన్నాయి.

జీలకర్రతో రక్తహీనత పోతుందని మాత్రం ఎవరైనా అంటే ఒక లెక్క చెప్పండి. వంద గ్రాముల జీలకర్రలో 66 మిల్లీగ్రాముల ఇనుము ఉంది, నిజమే. కానీ చిన్న చెంచా జీలకర్ర రెండు గ్రాములు. అందులో ఇనుము 1.3 మిల్లీగ్రాములు, ఒంటికి పట్టేది అందులోనూ కొంతే.


నిదానం | ఆ తర్వాతి సోమవారం, రాత్రి 9:15

అందరికీ వారం తర్వాత జవాబిస్తున్నాను. ఐఎన్ఆర్ 3.9 వచ్చింది, ఉండాల్సింది 2 నుంచి 3. పొడి ఒక్కదాని వల్లే అని చెప్పలేనన్నారు డాక్టర్, కానీ సీసా చూపించమన్నారు, నాలుగు పేర్లూ కేసు కాగితంలో రాసుకున్నారు. మెంతులు, నల్లజీలకర్ర ఆపమన్నారు. గ్లిమెపిరైడ్ మోతాదు మార్చారు. ఈరోజు ఐఎన్ఆర్ మళ్లీ చూస్తే 2.6. తెల్లవారుజామున షుగర్ వారం రోజులుగా 110 కిందికి రాలేదు.

అమ్మను అడిగితే గుండెల్లో మంట కూడా ఉందంది, ఇన్నాళ్లూ చెప్పలేదు. అందుకని వాము వారానికి ఒకటి రెండుసార్లే, అదీ చిటికెడు నలిపి. మిగతా రోజుల్లో భోజనం అయ్యాక అర చెంచా సోంపు నమలడం. ఉబ్బరం మునుపటంత లేదు.

నిన్న సాయంత్రం మా అబ్బాయి భూతద్దం తెచ్చి, మొక్కలబడి గారు చెప్పినట్టు సోంపు గింజ కోశాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. నాలుగు చుక్కలు వెంటనే దొరికాయి, లోపలివైపు రెండింటి కోసం ఇంకో మూడు గింజలు కోయించింది. ఆరూ కనిపించాక గానీ లేవలేదు. పాత పొడి సీసా తనే ఖాళీ చేసి కడిగి బోర్లించింది.

ఇప్పుడు ఆవిడ ప్రశ్న ఒకటుంది, ఆకుపసరు గారిని అడగమంది. మంటకు ధనియాల నీళ్లు మొదలుపెట్టచ్చా?


ఆకుపసరు | ఆ తర్వాతి సోమవారం, రాత్రి 9:50

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టండి. రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా నలిపి, అంతకు ఆరింతల చల్లటి నీళ్లలో రాత్రి వేసి మూత పెట్టండి. పొద్దున వడకట్టి తాగాలి. మామూలుగా చక్కెర కలుపుతాం, ఆవిడకు వద్దు. ఇదొక్కటే కొత్తగా చేర్చండి, రెండు వారాల దాకా ఇంకో గింజ జోలికి పోవద్దు. తర్వాతి ఐఎన్ఆర్ ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.